ఇక్కడ ఒకటి ఉండేది

సొంత వెబ్‌సైట్‌ని ఏళ్ల తరబడి నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన వస్తుంది: ఇంత బరువు ఎందుకు మోస్తున్నాను, దీన్ని కాస్త తేలిక చేసుకోలేనా అని. మొదట అది సాంకేతికమైన విషయంలానే కనిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏది వదిలేయాలి, సర్వర్ అద్దె ఎంత తగ్గుతుంది. పని మొదలుపెట్టిన రెండో వారానికల్లా వేరే ప్రశ్న ఎదురొస్తుంది. ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? తీసేసే హక్కు నాకు ఎంతవరకు ఉంది? సర్వర్ నా పేరు మీదే ఉంది, పాస్‌వర్డ్ నాకే తెలుసు, నెలనెలా డబ్బు కట్టేది నేనే. అయినా అందులో ఉన్నదంతా నాదేనా?

నా సైట్ 2007లో మొదలైంది. పుట్టింది ఆదోనిలో, ఉద్యోగం హైదరాబాద్‌లో. మా వైపు సంగతులు తెలుగులో వెతికితే ఏమీ దొరకడం లేదన్న ఉక్రోషంతో రాయడం మొదలుపెట్టాను. ఆదోని కోట, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, పత్తి మార్కెట్ యార్డు, ఎమ్మిగనూరు మగ్గాలు, దసరా రాత్రి దేవరగట్టులో జరిగే బన్ని. మధ్యమధ్యలో నా కవితలు, చదివిన పుస్తకాల మీద నాలుగు మాటలు. ఉచితంగా పేజీలిచ్చే కంపెనీలు అప్పట్లో చాలానే ఉన్నా, అద్దె సర్వర్ తీసుకుని వర్డ్‌ప్రెస్ నేనే ఎక్కించుకున్నాను. చిన్నదైనా సొంత ఇల్లు కావాలన్న పంతం. 2009 అక్టోబరులో యాహూ వాళ్లు జియోసిటీస్‌ని మూసేసి, లక్షలాది మంది కట్టుకున్న పేజీల్ని ఒక్కసారిగా తీసేసినప్పుడు ఆ పంతం మంచిదే అనిపించింది.

అయితే సొంత ఇంటికి ఖర్చుంటుంది. పీహెచ్‌పీ అనే భాష మీద వర్డ్‌ప్రెస్ నడుస్తుంది. ఆ భాషలో ఒక్కో రూపానికి ఇంతకాలమని గడువుంటుంది. 5.6 రూపానికి 2018 చివర్లో భద్రతా సవరణలు ఆగిపోయాయి, 7.4కి 2022 నవంబరులో. గడువు తీరినప్పుడల్లా మారాలి. మారినప్పుడల్లా ఏదో ఒక ప్లగిన్ చచ్చిపోతుంది. దాని స్థానంలో ఇంకోటి తేవాలి, దానికి తోడు మరోటి. దొంగలు లోపలికి రాకుండా ఒకటి, చెత్త వ్యాఖ్యలు రాకుండా ఒకటి, ఈ రెండింటి వల్ల సైట్ నెమ్మదించింది కాబట్టి వేగం కోసం ఇంకొకటి. రాయడానికి పెట్టుకున్న సైట్, రాయడానికి కేటాయించిన ఆదివారాలన్నీ తినేసేది.

తెలుగు విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రోజుల్లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్, విడిగా చెప్పకపోతే, తన లోపల ఉన్నవన్నీ లాటిన్ అక్షరాలే అనుకునేది. యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతం యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. 'దేవరగట్టు' అన్న మాటలో 9 సంకేతాలు, అంటే 27 బైట్లు. వాటిని మూడేసి కలిపి చదివితే మా ఊరి దేవుడి గట్టు. విడివిడిగా చదివితే నెత్తిన కొమ్ములూ చుక్కలూ ఉన్న రోమన్ అక్షరాల పిచ్చి వరస. సర్వర్ మార్చిన ప్రతిసారీ ఆ భయం ఉండేది.

ఈ భయం నా ఒక్కడిది కాదు. తెలుగు వెబ్ చరిత్రలో చాలాభాగం ఇదే. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఒక్కో పత్రిక తన ఫాంట్ తానే వాడేది, ఆ ఫాంట్ మన దగ్గర లేకపోతే తెరమీద గందరగోళమే. ఈనాడు లాంటి సైట్లని యూనికోడ్‌లో చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే పొడిగింపు వేసుకునేవాళ్లం. 1998లో మొదలైన 'ఈమాట' తర్వాత యూనికోడ్‌లోకి మారి, పాత సంచికల్ని కూడా వెంట తెచ్చుకుంది కాబట్టి ఇవాళ్టికీ వాటిని చదవగలుగుతున్నాం. 'కూడలి', 'హారం' లాంటివి మనల్ని ఒకరి గుమ్మం నుంచి ఇంకొకరి గుమ్మానికి తీసుకెళ్లేవి, అవి పోయాయి. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకడం లేదని 2024లో ప్యూ రిసెర్చ్ సెంటర్ లెక్క తేల్చింది. తెలుగు సంగతి వేరే చెప్పాలా?

అందుకే చివరికి అన్నీ తీసేసి, మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. డేటాబేస్ ఉండదు, ప్లగిన్లు ఉండవు. ఒక ఫోల్డర్, అందులో పేజీలు, బొమ్మలు. కావాలంటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకోవచ్చు.

ఇలాంటి సులువుని నేను మొదట చూసింది కంప్యూటర్లలో కాదు, ఎమ్మిగనూరులో. మా అమ్మవాళ్ల నాన్న చేనేత మనిషి. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన నేత సహకార సంఘం పేరు ఆ ఊళ్లో ఇప్పటికీ గౌరవంగానే చెప్పుకుంటారు. తాతది గుంట మగ్గం. కర్ర, తాడు, కాస్త ఇనుము. అది చెడిపోతే కంపెనీకి ఫోన్ చేసే పని లేదు. వీధిలో ఏ నేతగాడైనా వచ్చి, చూసి, సరిచేసి వెళ్లేవాడు. తాతకి బాగా లేని రోజుల్లో ఆయన సగం నేసిన చీరని పక్కింటాయన పూర్తిచేసి ఇచ్చాడట. ఆ మగ్గం సులువైనదని నేననను, దాని మీద పనిచేయడం నరకం. అయితే దానిలో ఏముందో ఇంకొకరికి కనపడుతుంది. వాళ్లు వచ్చి కూర్చుని అందుకోగలరు. సులువు అన్నమాటకి నాకు తోచిన అర్థం అదే. నేను లేకపోయినా ఇంకొకరు అందుకోగలగడం.

ఈ అర్థం ఒప్పుకుంటే, వస్తువులు ఎన్ని తగ్గాయన్నది పెద్ద విషయం కాదు. నా మీద ఆధారపడటం ఎంత తగ్గిందన్నదే లెక్క.

*

సర్దడం మొదలుపెట్టాక పేజీలన్నీ మూడు కుప్పలయ్యాయి.

మొదటి కుప్ప నేను రాసినవి. ఇరవైల్లో రాసిన ప్రేమ కవితలు, ఎవరిమీదో కోపంతో రాసిన సమీక్షలు. ఇవి నావి కాబట్టి నా ఇష్టం అనుకున్నాను. తీరా చూస్తే ఆదోని మీద రాసిన ఒక పేజీ చిరునామాని ఎవరో పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో అధోజ్ఞాపికగా వేసుకున్నారు. ఆ వ్యాసం అచ్చయి, అట్ట కట్టించుకుని, ఏదో లైబ్రరీ బీరువాలో ఉంది. ఆ కాగితం మీది చిరునామాని నేను మార్చలేను. పేజీ తీసేస్తే ఆ మనిషి మాటకి సాక్ష్యం పోతుంది. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, మంచి చిరునామా మారకూడదని 1998లోనే వాదించాడు. అప్పుడది ఇంజనీర్ల క్రమశిక్షణ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది మాట ఇవ్వడం. రాసింది నాదే కావచ్చు. దాని దగ్గరికి వచ్చే దారిని మాత్రం ఊరంతా వాడుకుంటోంది. మన పొలంలోంచే వెళ్లినా, ఏళ్ల తరబడి జనం నడిచిన బాటకి రాత్రికి రాత్రి కంచె వేయం కదా. పాత వర్డ్‌ప్రెస్ చిరునామాలన్నింటినీ కొత్త వాటికి కలిపే చిన్న పట్టిక ఒకటి సర్వర్‌లో పెట్టాను. నా సులువైన సైట్‌లో మిగిలిన ఒకే ఒక్క జటిలమైన వస్తువు అది. దాన్ని తీసేయబుద్ధి కాలేదు.

రెండో కుప్ప ఇతరులు రాసినవి. నా దేవరగట్టు పేజీ కింద ఎమ్మిగనూరు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు రాసేవారు. ఆయనకి తెలుగు టైపింగ్ రాదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టేవారు, దీర్ఘం కావాలంటే అక్షరాన్ని రెండుసార్లు నొక్కుతూ. స్వామి ఊరేగింపు కొండ దిగి సింహాసన కట్ట దగ్గరికి రావడం, అక్కణ్ణుంచి ముళ్లబండ, పాదాలగట్టు, రక్షపడ, జమ్మిచెట్టు, తెల్లారేసరికి బసవన్న గుడి. ఈ దారిని, ఒక్కో చోట ఏం జరుగుతుందో, తన చిన్నప్పుడు ఎలా ఉండేదో, పన్నెండు విడతలుగా రాశారు. నేను రాసిన వ్యాసం కన్నా ఆయన కింద రాసిందే మేలని చదివినవాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన పోయి ఏడేళ్లయింది.

కొత్త సైట్‌లో వ్యాఖ్యలు పెట్టే సౌకర్యం లేదు, అది తీసేయడమే సులువు చేయడంలో మొదటి మెట్టు. అందరూ చెప్పే సలహా కూడా అదే. అయితే సౌకర్యం తీసేయడం, వచ్చిన మాటల్ని తీసేయడం ఒకటి కాదు. ఇకమీదట మా ఇంటికి అతిథులు రారని చెప్పుకోవచ్చు. వచ్చి దాచుకోమని ఇచ్చి వెళ్లినవాళ్ల మూటలు బయట పారేయలేం. మాస్టారు రాసినవి ఆయన పేజీగా విడిగా పెట్టాను. ఆయన టైపు చేసింది చేసినట్టే ఒక పక్క, తెలుగు లిపిలో నేను మార్చింది ఇంకో పక్క. మార్చిందే ఉంచితే చదవడానికి హాయిగా ఉంటుంది, పేజీ కూడా సగమవుతుంది. ఆయన వేళ్లు కొట్టిన అక్షరాలు మాత్రం అవే. దీర్ఘాలు మర్చిపోయిన చోట్లతో సహా.

మూడో కుప్పలో ఉన్నది ఒక్క ఫొటో.

*

దేవరగట్టు తెలియనివాళ్లకి నాలుగు మాటలు చెప్పాలి. కర్నూలు జిల్లా పడమటి అంచున, హొళగుంద మండలంలో ఉన్న కొండ అది. కొండమీద మాళ మల్లేశ్వర స్వామి. విజయదశమి నాటి అర్ధరాత్రి కళ్యాణం అయ్యాక ఉత్సవ విగ్రహాలు కిందికి దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు విగ్రహాలకి కాపలా. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని తమవైపు తిప్పుకోవాలని చూస్తారు. చేతుల్లో ఇనుప చుట్లు వేసిన కర్రలు, దివిటీలు. తలలు పగులుతాయి. కొన్నేళ్లు ప్రాణాలూ పోయాయి. పోలీసులు, సీసీ కెమెరాలు, డ్రోన్లు, అన్నీ వచ్చాయి. మర్నాడు టీవీల్లో అదొక రక్తపాతం. ఆ ఊళ్లలో అది పండగ.

2009లో నేను తీసిన ఫొటో ఆ రాత్రిదే. దివిటీ వెలుగులో ఒక మనిషి మొహం, నుదుటి మీదుగా రక్తం, దాన్ని పట్టించుకోకుండా ఎటో చూస్తున్న కళ్లు. తీస్తానంటే సరేనన్నాడు, తర్వాత చూపిస్తే నవ్వాడు. ఏటా దసరాకి ఆ ఫొటో ఎవరెవరి చేతుల్లోనో తిరిగేది. నా సైట్‌కి వచ్చేవాళ్లలో సగంమంది దాన్ని పట్టుకునే వచ్చేవాళ్లు.

సైట్ సర్దుతున్న రోజుల్లోనే ఆయన ఎవరిదగ్గరో నంబర్ సంపాదించి ఫోన్ చేశాడు.

"సార్, ఆ పొటో తీసేయాల సార్."

ఎందుకని అడిగాను.

"మా పాపకి సమ్మందాలు చూస్తాండాము. అవతలోల్లు ఫోన్లో చూసినారు. మీ నాయిన రౌడీనా అని అడిగినారంట."

"మీ పండగే కదన్నా, మీకు తెలిసే తీశాను కదా."

"తెలిసే తీసినారు. నేను కాదంటానా? మాకు పండగని మాకు తెల్సు. చూసేవాల్లకి తెల్దు గదన్నా."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు, వాదనలు మాత్రం చాలా ఉన్నాయి. 2009లో ఆయన ఒప్పుకుంది రోజుకి నలభైమంది చూసే పేజీలో ఉండటానికి. ఇవాళ ఎవరి ఫోన్‌లో చూసినా కనబడటానికి కాదు. ఆ ఒప్పుకోలు అబద్ధం కాదు, నేను తీయడం తప్పూ కాదు. ఆ రెండింటి చుట్టూ ఉన్న లోకం మారింది. మరోపక్క, దెబ్బలు తగిలిన మొహాలన్నీ ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే దేవరగట్టు గురించి చివరికి మిగిలేవి దివిటీల అందమైన వరసలే. ఏం జరుగుతోందో చూపించే సాక్ష్యం పోతుంది. చరిత్రని శుభ్రం చేసేవాళ్లందరూ మొదట చెప్పేది ఎవరో ఒకరి పరువు గురించే.

ఇలాంటి తగువు యూరప్‌లో కోర్టుదాకా వెళ్లింది. స్పెయిన్‌కి చెందిన మారియో కోస్తేహా అనే ఆయన ఆస్తి అప్పుల కింద వేలానికి వచ్చిందని 1998లో పేపర్లో ప్రకటన పడింది. అప్పు తీరిపోయాక కూడా గూగుల్‌లో పేరు కొడితే అదే వచ్చేది. 2014 మేలో యూరోపియన్ న్యాయస్థానం, వెతుకులాటలో ఆ లింకుని చూపించడం ఆపాలంది. పేపరు తన పాత సంచికలో ఉన్నది మాత్రం తీయనక్కర్లేకపోయింది. అంటే చరిత్ర ఉంటుంది, దాని దగ్గరికి తీసుకెళ్లే రాచబాట ఉండదు. అందంగానే ఉంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఫొటో ఉంచి, సెర్చ్ ఇంజన్లకి చూపించవద్దని రాసిపెడితే పోలేదా? పోదు. లింకు వాట్సాప్‌లో తిరుగుతుంది, సంబంధం మాట్లాడటానికి వచ్చేవాళ్లు గూగుల్ దాకా వెళ్లనక్కర్లేదు. కోర్టులు చెప్పింది కోర్టులకి సరిపోతుంది. ఇక్కడ ఒక ఇంట్లో పెళ్లిమాటలు జరుగుతున్నాయి.

నాకు దారి చూపింది మాస్టారు రాసిన ముక్క. రక్షపడ దగ్గర ఏం జరుగుతుందో ఆయన వివరంగా రాశారు. ఐతిహ్యం ప్రకారం మణి, మల్లాసురులనే రాక్షసులు చనిపోయే ముందు ఏటా నరబలి అడిగారట. చివరికి పిడికెడు రక్తానికి బేరం కుదిరిందంటారు. ఇప్పటికీ అక్కడ గొరవయ్య తన తొడలోంచి తీసి ఆ కాస్త రక్తం ఇస్తాడు. ఆ కథని నమ్మాలా వద్దా అన్నది వేరే సంగతి. అందులో నన్ను ఆపింది లెక్క. అడిగింది ఒక ప్రాణం. ఇచ్చేది పిడికెడు. బాకీ తగ్గింది, రద్దు కాలేదు. ఏటా అదే రాత్రి, అదే చోట ఆగి, ఇక్కడ ఒక బాకీ ఉందని ఒప్పుకుని మరీ ముందుకెళ్తారు. మనుషుల మంచి అంతా బహుశా ఇలాంటి బేరాల్లోనే పెరిగింది. ఎక్కువ ప్రాణం తీసేదాన్ని తక్కువ బాధపెట్టేదిగా మార్చుకోవడం, ఎందుకు చేస్తున్నామో మాత్రం మరవకపోవడం. అదే రాత్రి కర్రలతో తలలు పగలడం ఇంకా ఆగలేదంటే, ఆ బేరం సగంలో ఉందని అర్థం.

సులువు చేయడంలో నీతి అంటూ ఉంటే అదేననుకుంటాను. మోసే బరువు తగ్గించుకోవచ్చు. బాకీ ఉందన్న గుర్తుని చెరిపేయకూడదు.

వెబ్‌లో దీనికి ఒక పద్ధతి ఉండనే ఉంది. లేని పేజీ కోసం ఎవరైనా వస్తే సర్వర్ సాధారణంగా 404 అంటుంది. అంటే దొరకలేదు అని. ఎప్పుడైనా ఉందో లేదో, మీరు తప్పు గుమ్మానికి వచ్చారో, ఆ అంకె ఏమీ చెప్పదు. 410 అనే ఇంకో అంకె ఉంది, చాలామంది వాడరు. దానికి అర్థం, ఉండేది, ఇప్పుడు లేదు, వెతక్కండి అని. మొదటిది భుజాలెగరేయడం, రెండోది మొహం చూసి జవాబు చెప్పడం. తీసేయడం తప్పు కాదు. ఎప్పుడూ లేనట్టు నటించడం తప్పు.

ఫొటో తీసేశాను. దాని చిరునామాకి వెళ్తే ఇప్పుడు 410 వస్తుంది. వ్యాసంలో అది ఉన్నచోట ఒక వాక్యం పెట్టాను: ఇక్కడ ఒక ఫొటో ఉండేది, అందులోని మనిషి అడిగితే తీసేశాను. తల పగిలిందన్న మాట వ్యాసంలో అలాగే ఉంది. ఎవరి తల అన్నది లేదు. కాపీలు ఇంకా ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో వాటిని నేను ఆపలేను, నా గుమ్మం వరకే నా పూచీ. ఆ వాక్యాన్ని పెట్టేముందు ఆయనకి చదివి వినిపించాను.

"పేరు లేదు గదన్నా?"

"లేదు."

"అట్లయితే ఉండనీలే. అబద్ధమేం కాదు గదా."

సైట్ ఇప్పుడు చిన్నది. ఫోల్డర్‌లో అన్నిటికన్నా పైన ఒక ఫైల్ ఉంది, నా తర్వాత దీన్ని చూసుకోబోయే మా తమ్ముడి కూతురి కోసం. డొమైన్ పేరుని ఒకేసారి పదేళ్లకి మించి కొనుక్కోలేం కాబట్టి ఎప్పుడు డబ్బు కట్టాలో మొదటి పేరా. కట్టకపోతే ఎవరో ఒకరు కొనుక్కుని మాస్టారి దారి మీద రమ్మీ ప్రకటనలు పెట్టుకోవచ్చని రెండో పేరా. నా కవితలు నీకిష్టం లేకపోతే తీసేయొచ్చు, మాస్టారి పేజీ మాత్రం ఎవరికైనా అప్పజెప్పకుండా తీయొద్దు అని మూడోది. ఏది తీసినా 410 పెట్టమని చివరి వాక్యం.

ఆ పిల్ల చదివి, "పెదనాన్నా, కవితలన్నీ తీసేస్తే నాలుగు వందల పేజీలకి 410 పెట్టాలి కదా, అది సులువెట్లా అవుతుంది?" అంది.

అవదు. దానికోసం చిన్న ప్రోగ్రామ్ రాసి పెట్టమన్నాను. రాస్తోంది.